దీవుల్లో చూచిరాత

కరేబియన్‌లో ఘోరం జరుగుతోంది. ప్రభుత్వోద్యోగుల సంఘాలు ఒకరి పేపరు ఒకరు చూసి రాస్తున్నాయి. పక్క దీవిలో ఏ అలవెన్సు ఎంత కుదిరిందో, ఒప్పందం గడువు ఎప్పుడు తీరుతుందో, ఏ శాఖలో సమ్మె నిషేధమో చర్చలకు ముందే తెలుసుకుని కూర్చుంటున్నాయి. 1960లో పుట్టిన కరేబియన్ కాంగ్రెస్ ఆఫ్ లేబర్, 1970 నాటి కరేబియన్ పబ్లిక్ సర్వీసెస్ అసోసియేషన్ అనే ఉమ్మడి సమాఖ్యలు ఈ చీటీలు అందించే కిటికీలు. స్క్వాడ్ ఏం చేస్తున్నట్టు?

ఆర్థికమంత్రులు మాత్రం బుద్ధిమంతులు. ఎవరి సొంత బుర్రతో వాళ్లు రాస్తారు. ప్రభుత్వోద్యోగుల జీతాల్లో ట్రినిడాడ్ 1989లో 10 శాతం కోసింది. బార్బడోస్ 1991లో 8 శాతం కోసింది. ఆ ఇద్దరూ అప్పులిచ్చే ఐఎంఎఫ్ మాస్టారి ట్యూషన్‌ పిల్లలు కాబట్టి జవాబులు కలిశాయనుకుందాం. 2021లో బెలీజ్ ట్యూషన్‌కు పోకుండానే 10 శాతం అని రాసింది. చురుకైన పిల్ల.

బార్బడోస్ కథ కాస్త నిదానంగా చూడాలి. 8 శాతం కోత పుణ్యమా అని, అంతకుముందు ఎవరి దారి వాళ్లదిగా ఉన్న సంఘాలు కలిసి రోడ్డెక్కాయి. కేసు బార్బడోస్‌కు అప్పట్లో ఆఖరి కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌ దాకా వెళ్లింది. కోత చెల్లుతుందని 1994లో తీర్పు వచ్చింది. కోర్టులో ఓడినవాళ్లు ఇంటికి పోవాలా వద్దా? పోలేదు. 1995లో పార్లమెంటు రాజ్యాంగాన్నే సవరించింది, ప్రభుత్వోద్యోగి జీతం తగ్గించడానికి వీల్లేకుండా. సర్కారు ఆ మాట అక్షరాలా పాటించింది. 2013 డిసెంబరులో 3,000 మందిని ఇంటికి పంపుతామని ప్రకటించింది. జీతం కోయొద్దన్నారు గానీ, జీతగాణ్ణి కోయొద్దని రాజ్యాంగంలో ఎక్కడుంది?

అప్పుడు పట్టుకోవాల్సిన తాళ్లు రెండు. ఒకటి, చివర చేరినవాళ్లు ముందు వెళ్లాలన్న నియమం. రెండోది, 2012 నాటి ఉపాధి హక్కుల చట్టం: సిబ్బందిలో పదో వంతు తగ్గుతుంటే ఆరు వారాల ముందే సంఘంతో మాట్లాడాలి. మొదటి తాడు తెగేది ఎప్పుడూ ఒక్కచోటే, సీనియారిటీ జాబితా దగ్గర. చేరిన తేదీ అంటే ఏది? తాత్కాలికంగా తీసుకున్న రోజా, పర్మినెంట్ చేసిన రోజా? ఆ జాబితా తొలగింపు ఉత్తర్వుల కంటే ముందు సంఘం చేతిలో ఉండాలి. ఉత్తర్వుల తర్వాత అందితే అది జాబితా కాదు, సంతాప సందేశం. అనుభవం ఉన్న సంఘాలు పక్క దీవికి ముందుగా పంపే చీటీ ఇదే. ఎంత అన్యాయం!

అయినా అధికారులు బెంగపడక్కర్లేదు. ఈ చూచిరాత సగంసార్లు బెడిసికొడుతుంది. ట్రినిడాడ్‌లో జీతాల ఒప్పందం మూడేళ్లకొకటి. అయితే 2014 నాటి లెక్క 2022లో కూడా బల్లమీదే ఉంది, సర్కారు ఇస్తానన్నది 4 శాతం. పొరుగువాడు వచ్చే ఏడాది జీతం అడుగుతుంటే వీళ్లు ఎనిమిదేళ్ల కిందటిది అడిగారు. పేపరు చూసి రాద్దామన్నా ప్రశ్నలే వేరు.

గయానా ఇంకా మంచి ఉపాయం కనిపెట్టింది: పరీక్షే పెట్టకపోవడం. అక్కడ 1999లో 57 రోజులు సమ్మె జరిగింది. దాని తర్వాత ట్రిబ్యునల్ ఆ ఏడాదికి 31.06 శాతం, మరుసటి ఏడాదికి 26.66 శాతం పెంచమంది. అలాంటి అంకెలు నలుగురి కంటా పడితే ఏమైనా ఉందా? 2022లో చమురు పుణ్యాన ఆర్థికవ్యవస్థ 60 శాతం పైగా పెరిగింది. డిసెంబరులో, సంఘంతో బేరం లేకుండా, జీతాలకు 8 శాతం ప్రకటించారు. ఏడాది చివర్లో వచ్చింది కనుక క్రిస్మస్ కానుకలా ఉంది. కానుకకు బేరమాడేవాడు అమర్యాదస్తుడు.

ప్రభుత్వాల నడుమ ఐకమత్యం చూడాలంటే లియాట్ విమాన సంస్థను చూడాలి. ఆంటిగ్వా, బార్బడోస్, డొమినికా, సెయింట్ విన్సెంట్ ప్రభుత్వాలు దాని ప్రధాన వాటాదారులుగా ఉండేవి. సంఘాల నాయకులు మీటింగులకు ఎక్కిన విమానం కూడా అదే. ఆలస్యాలకు విసిగి జనం దాని పేరును ‘లీవ్ ఐలాండ్ ఎనీ టైమ్’ అని విడదీసి చదివేవారు. 2020లో సంస్థ కూలింది. ఉద్యోగులు దీవుల నిండా ఉన్నారు, వాళ్ల సంఘాలు వేరు, తొలగింపు పరిహారం చట్టాలు వేరు. లాభం వస్తే వాటా ఎంతో నలుగురికీ తెలుసు. పరిహారం సంగతి వచ్చేసరికి ఎవరి దీవి వాళ్లకు గుర్తొచ్చింది. ఉద్యోగులు ఏళ్ల తరబడి ఆ డబ్బు కోసం చూస్తూ కూర్చున్నారు. విమానం మాత్రం, మొదటిసారి, ఆలస్యం లేకుండా వెళ్లిపోయింది.