సాత్‌బారాలో చిన్నమ్మ పేరు

మహారాష్ట్ర నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దగ్గర ఒక ఊళ్లో, తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాం. మా చిన్నాయన చేతిలో నాలుగు మడతల సాత్‌బారా, అంటే భూమి ఎవరి పేర ఉందో చెప్పే కాగితం. బ్యాంకు లోను కోసం తీసుకున్నాడు. "చిన్నమ్మ పేరు కూడా ఎక్కియ్యరాదే" అన్నాను. కాగితం జేబులో పెట్టుకుంటూ, "నాకేం లేదురా, అన్నదమ్ములు ఏమంటరు?" అన్నాడు.

మగవాళ్లు మారాలి అనగానే మనం వంటింటి గురించే మాట్లాడతాం. అదీ చిన్న సంగతేం కాదు. 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి పెడుతున్నారు. అయితే మా చిన్నాయన గిన్నెలు తోముతాడు, చిన్నమ్మకు జ్వరమొస్తే జొన్న రొట్టెలూ కొడతాడు. అదంతా తలుపు లోపలి వ్యవహారం. భూమి కాగితం నలుగురి నోళ్లలో పడేది. ఆయన భయమంతా మిగతా మగవాళ్లకే.

ఆ భయాన్ని బాగా పట్టుకున్నది రైతు నాయకుడు శరద్ జోషీ పెట్టిన రైతు సంఘం, శేత్కరీ సంఘటన. 1986లో చాంద్‌వడ్ మహిళా సభ తర్వాత వచ్చిన లక్ష్మీముక్తి ఉద్యమం ఒక్కో భర్తనూ బతిమాలకుండా ఊరినే అడిగింది. వంద మంది భార్యల పేర భూమి రాస్తే ఆ ఊరికి సన్మానం. అందరూ రాస్తుంటే ఎవరిని చూసి ఎవరు నవ్వుతారు? 1992లో ప్రభుత్వం కూడా భర్త దరఖాస్తు పెట్టుకుంటే భార్య పేరు చేర్చే వీలు కల్పించింది. భర్త పెట్టుకుంటేనే! తాళంచెవి ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఇంతా చేసి ఇది భూమి ఉన్నవాళ్ల కథ. ధర్మాబాద్ మిర్చికి పేరు. మా చేలో కాయ ఏరే ఆడవాళ్లు సెంటు భూమి లేని దళితులు. వేళ్ల మంటకు సాయంత్రం కొబ్బరినూనె రాసుకుంటారు, ఆ చేత్తో చంటిపిల్లను ఎత్తుకోవడానికి జంకుతారు. వాళ్ల మొగుళ్లు రాసివ్వడానికి ఏముంది? ఆ ఇళ్లలో మగ పెత్తనం లేదని కాదు, తాగి కొట్టేవాళ్లు అక్కడా ఉన్నారు. కానీ ఆమె కూలి తేల్చేది మొగుడు కాదు, మా చిన్నాయన. ఆ డబ్బు ఆమె చేతికి తగలకుండా పైనుంచి వేసేది చిన్నమ్మ. రేపు సాత్‌బారాలో చిన్నమ్మ పేరు ఎక్కినా ఆ చెయ్యి కిందికి దిగుతుందని నేననుకోను.

సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. ఆడ కూలి ఎందుకు తక్కువని అడిగితే చిన్నాయన "అది ఊరి రేటు" అంటాడు. అంటే మళ్లీ ఆ అన్నదమ్ములే. లక్ష్మీముక్తిలాగే, వంద మంది రైతులు ఒకేసారి కూలి సమానం చేసిన ఊరికి సన్మానమని ప్రకటిస్తే ఎన్ని ఊళ్లు ముందుకొస్తాయో చూడాలని ఉంది. మొదటి ఏడాది మాత్రం మా ఊరు రాదు.