రైతుకు నీళ్లెందుకు, నిఘంటువు ఉంటే చాలు

మా చిత్తూరు వైపు రైతు వెనకబడటానికి కారణం నీళ్లు లేకపోవడమని ఇన్నాళ్లూ పొరపాటు పడ్డాం. అసలు కారణం మాటలు రాకపోవడం. మొన్న మా ఊరి దగ్గర జరిగిన రైతు అవగాహన సదస్సులో నాకీ జ్ఞానోదయం అయింది. షామియానా వేశారు, మజ్జిగ ప్యాకెట్లు పంచారు, ఒక సారు గంటన్నర సేపు మైకులో మాట్లాడారు. ఆయన వాడిన పదాల్లో మా నాయనకు అర్థమైనవి రెండే: 'నమస్కారం', 'ముగిస్తున్నాను'. యాభై ఏళ్లుగా చెనక్కాయలూ మామిడీ పండిస్తున్న మనిషికి వ్యవసాయం గురించి ఇంత తక్కువ తెలుసా అని నాకు సిగ్గేసింది. ఆయనకు నాలుగు మాటలు నేర్పుదామని ఆ సాయంత్రమే కూర్చోబెట్టాను.

నాయన దగ్గరున్న పదజాలం ఎంత పేదదో ముందు చెప్పాలి. నేలలోని తడిని 'పదును' అంటాడు. వాన వెలిసిన మర్నాడు చేలోకి పోయి, పిడికెడు మన్ను తీసి, ఉండ చేసి చూసి, "జానెడు పదునుండాది, రేపు విత్తనం పడాల" అంటాడు. రెండు మూడు రోజులు ఎండ కాస్తే ఆ పదును ఆరిపోతుందట, ఆ తర్వాత వేసిన విత్తనం సరిగ్గా మొలవదట. అంత ముఖ్యమైన సంగతే అయితే ఏదో ఒక దరఖాస్తులో దానికి గడి ఉండాలి కదా? నేను చూసిన ఏ ఫారంలోనూ లేదు. కాబట్టి అది మూఢనమ్మకం. పైగా రాయితీ విత్తనం అనే శాస్త్రీయమైన పదం ఒకటుంది. పదును ఆరిన తర్వాత వచ్చేదాన్ని అలా అంటారు.

మృగశిర, ఆరుద్ర అని కార్తెలు లెక్కపెట్టడం కూడా మాన్పించాను. ఇప్పుడు ఖరీఫ్, రబీ అనాలి. అరబ్బీలో ఖరీఫ్ అంటే శరత్తు, రబీ అంటే వసంతం. జూన్‌లో చెమటలు కక్కుతూ గొర్రు వెనక నడిచేటప్పుడు తాను శరత్కాలంలో ఉన్నానన్న సంగతి నాయనకు ఇన్నాళ్లూ తెలియదు. తెలిసుంటే కాస్త చల్లగా ఉండేది.

బస్తా అన్న మాట ఆయనకు వచ్చు, కానీ పాత అర్థంలోనే వచ్చు. 2018 దాకా యూరియా బస్తా అంటే 50 కిలోలు, ఆ తర్వాత 45. రైతు ఎకరాకు ఇన్ని బస్తాలని లెక్కేసుకుంటాడు కాబట్టి, బస్తా చిన్నదైతే వాడకం తగ్గుతుందని పెద్దల ఆలోచన. అల్లుడు ఎక్కువ తింటున్నాడని పళ్లెం చిన్నది చేసినట్టు. నాయన ఏం చేశాడంటే ఒక బస్తా ఎక్కువ తెచ్చాడు. దాంతోపాటు 'లింకు' కూడా తెచ్చాడు. లింకు అంటే మనం అడగనిది, అంగడివాడు అంటగట్టేది, అది లేకపోతే అడిగింది దొరకనిది. ఇంట్లో అలాంటి సీసాలు వరసగా ఉన్నాయి, చూడ్డానికి బావుంటాయి.

ఇక మద్దతు ధర. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది ఉన్నత విద్య. కేంద్రం 22 పంటలకు కనీస మద్దతు ధర ప్రకటిస్తుంది. 2025-26కు వేరుశనగకు క్వింటాలుకు 7,263 రూపాయలు. (చెనక్కాయ అంటే ఆ ధర వర్తించదేమోనన్న భయంతో వేరుశనగ అని రాశాను.) ఖర్చు మీద కనీసం 50 శాతం కలపమని స్వామినాథన్ గారి కమిషన్ 2006లోనే చెప్పింది. మంచిదే, ఏ ఖర్చు మీద? ఈ దేశంలో రైతు ఖర్చు ఒకటి కాదు. జేబులోంచి పెట్టింది ఏ2. దానికి ఇంటివాళ్ల కష్టం కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్ఎల్. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా లెక్కేస్తే సీ2. ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని ప్రభుత్వం చెప్పేది రెండో లెక్క మీద, రైతు సంఘాలు అడిగేది మూడో లెక్క మీద. మా అమ్మ నలభై ఏళ్లుగా కలుపు తీస్తోంది, కాయలు ఒలుస్తోంది, కళ్లం ఊడుస్తోంది. ఆమె అసలు పేరు ఎఫ్ఎల్ అని మాకు ఇప్పుడే తెలిసింది. చెప్తే, "రేషన్ కార్డులో మార్పించాల్నా?" అని అడిగింది.

ఆ 22 పంటల్లో మామిడి లేదు. అందుకని మామిడి రైతుకు వేరే మాటలు కావాలి. 2025లో తోతాపురి ధర పడిపోతే కిలోకు 12 రూపాయలన్నారు: గుజ్జు ఫ్యాక్టరీ ఇచ్చేది 8, ప్రభుత్వం కలిపేది 4. లెక్క ఎంత సులువుగా ఉందో చూడండి. అయితే 8 చేతికి రావాలంటే ముందు కాయ ఫ్యాక్టరీ గేటు దాటాలి, గేటు దాటాలంటే టోకెన్ కావాలి. తిరుపతి జిల్లా వాళ్లకు టోకెన్ కొత్త మాటేం కాదు. కొండ మీద దర్శనం టోకెన్‌కు టైము రాసి ఇస్తారు, ఆ టైముకు పోతే స్వామి కనిపిస్తాడు. ఫ్యాక్టరీ దగ్గర టోకెన్ చేతిలో పెట్టుకుని ట్రాక్టరు కిందే రెండు రాత్రులు పడుకున్నాం. అన్నప్రసాదం మాత్రం లేదు.

మూడో రోజు లోపలికి పోతే 'తరుగు' అనే పదం ఎదురైంది. తూకంలోంచి ఇంత అని కోసేయడమే తరుగు. కాయ పండిందని తరుగు, మచ్చ ఉందని తరుగు, తొడిమ ఉందని తరుగు. ఎండలో రెండ్రోజులు నిలబెడితే కాయ పండక ఏం చేస్తుందని నాయన అడిగాడు. వ్యాకరణం రాని ప్రశ్న అది. కాయ తనంతట తాను తగ్గితే అది రైతు నష్టం, కాటా దగ్గర తగ్గిస్తేనే తరుగు.

బీమా గురించి క్లుప్తంగా. వాతావరణ ఆధారిత పంట బీమా అంటే చేలో పైరు ఎండిందా లేదా అని చూడరు, వానను కొలిచే పరికరంలో ఎంత పడిందో చూస్తారు. మా వైపు వాన ఎద్దు కొమ్ముల్లాంటిది, ఒక కొమ్ము తడుస్తుంది, ఇంకోటి తడవదు. ఒక ఏడాది వాన పరికరంలో పడింది, మా చేలో పడలేదు. వచ్చే ఏడు చెనక్కాయలు పరికరంలోనే విత్తుదామని నాయన అంటున్నాడు. ఆయన నేర్చుకుంటున్నాడని నాకు సంతోషంగా ఉంది.

కౌలు రైతు అన్న మాటకు అర్థం చెప్పడం మాత్రం నావల్ల కాలేదు. పక్క చేను చేసే అన్న అప్పు తెస్తాడు, మందు కొడతాడు, రాత్రిళ్లు అడవిపందులకు కాపలా కాస్తాడు. కానీ ఆయన సాగు చేస్తున్నట్టు కార్డు రావాలంటే యజమాని సంతకం చేయాలి. యజమాని బెంగళూరులో ఉంటాడు. ఫోను ఎత్తడు.

పాఠాలు ఇక్కడిదాకా వచ్చేసరికి మొన్న ఆదివారం ఒకాయన కారులో వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. తోటంతా తిరిగి చూసి, "అంకణం ఎంతకిస్తావు పెద్దాయనా?" అన్నాడు. మా తిరుపతి వైపు అంకణం అంటే ఆరడుగులకు ఆరడుగులు, 36 చదరపు అడుగులు. మంచం వేస్తే పక్కన చెప్పులు విడిచేంత చోటు. ఎకరాల్లో చెప్తే అది పొలం, అంకణాల్లో చెప్తే వెంచర్. ఎకరాకు 1,210 అంకణాలు, మా తోటలో ఎకరాకు నలభై చెట్లు. నాయన పెదాలు కదిలిస్తూ లెక్కేశాడు.

"అంటే చెట్టుకు ముప్పై అంకణాలు."

"చెట్లదేముంది పెద్దాయనా, కొట్టించేస్తాం. అయితే ఎకరాకు 1,210 లెక్కన డబ్బులు రావు. రోడ్లకు కొంత పోతుంది, పార్కుకు కొంత పోతుంది, అది తీసేసే లెక్క."

నాయన నావైపు చూశాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆయన ముఖంలో పాఠం అర్థమైన వెలుగు కనిపించింది.

"దీనిక్కూడా తరుగుండాదన్నమాట."