మామ గుంటలో డాలర్లు

విడవలూరు పక్క మా మామకు రెండు రొయ్యల గుంటలున్నాయి. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి రోజు కాటా చీటీలు రాయలేక చస్తున్నానని ఆయన ఓసారి అన్నాడు. బెంగళూరులో జావా అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాసుకునే మేనల్లుణ్ణి, ఊరుకుంటానా? చీటీలు అచ్చేసే ప్రోగ్రాము మొదలెట్టాను.

జావాలో క్లాసులకు, అంటే ఒక్కో రకం వస్తువుకు రాసుకునే మూసలకు, తెలుగు పేర్లు పెట్టొచ్చు. ‘రొయ్య’ అని ఒక క్లాసు, దాని కడుపులో ‘వనామీ’, ‘టైగర్’ అని ఇంకో రెండు పెట్టాను. చీటీ మీద రకం పేరు విడిగా టైపు చేసుంటే సరిపోయేది. తెలివి ఎక్కువై, ప్రోగ్రాము తన క్లాసుల గురించి తానే ఆరా తీసే రిఫ్లెక్షన్‌తో ఆ క్లాసునే నీ పేరేందని అడిగించాను.

తెల్లారుజామున, లైట్ల వెలుతుర్లో మొదటి చీటీ వచ్చింది: రొయ్య$వనామీ, 50 కౌంట్ (కిలోకు 50 రొయ్యలు), కిలో 340.

మామ కళ్లజోడు సర్దుకున్నాడు. “అబ్బయా, కిలో మూడొందల నలభై డాలర్లా?”

“కాదు మామా” అనేలోపే పక్క గుంటలకు కబురు పాకింది. మన రొయ్య అమెరికా పోతుందని అందరికీ తెలిసిందే కదా! ఏజెంటు మొహం ఐసులో పెట్టిన సరుకులా బిగుసుకుపోయింది.

క్లాసు పేరు కోసం గెట్‌నేమ్ అనే ఆదేశంతో అడిగితే జావా ఇంటిపేరుతో సహా చెబుతుంది, మధ్యలో డాలర్ గుర్తు కొక్కెం వేసి. 1997లో లోపలి క్లాసులు వచ్చినప్పటి ఆచారం. ఐసు పెట్టె మీద కూర్చుని గెట్‌కెనానికల్‌నేమ్‌కు మార్చాను. డాలర్ పోయి చుక్క వచ్చింది: రొయ్య.వనామీ.

“డాలర్లు పోయి పైసలొచ్చినాయేందిరా?” అన్నాడు మామ.

ఆ చుక్క పేరునే ఫైల్లో దాచాను. రెండో గుంట కాటాకు దాంతో, పేరు చెబితే క్లాసును వెతికిపెట్టే క్లాస్ ఫర్‌నేమ్‌ను పిలిస్తే, అలాంటి క్లాసే లేదు పొమ్మంది. దానికి డాలర్ చెబితేనే చెవికెక్కుతుంది! అవతల లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.

ఆఖరికి గెట్‌సింపుల్‌నేమ్. ‘వనామీ’ అని ముద్దుగా పలికింది. హమ్మయ్య అనుకున్నాను గానీ, మెత్తబడ్డ సరుకు కోసం హడావుడిలో అనామక క్లాసు ఒకటి రాసి మరిచిపోయాను. పేరు పెట్టనిదాన్ని పేరడిగితే ఏం చెబుతుంది పాపం! చీటీలో పేరు చోటు ఖాళీ, పక్కన 60 కిలోలు.

“పేరు లేని సరుక్కి డబ్బులెట్టా ఇచ్చేది సార్?” ఏజెంటు పొద్దుటి నుంచి నవ్వింది అప్పుడే.

మిగతా చీటీలు మా అత్త కార్బన్ పేపర్ పెట్టి, బాల్‌పెన్నుతో పావుగంటలో రాసేసింది.

మొన్న మామ ఫోన్ చేశాడు. “వచ్చే నెల పట్టుబడి ఉండాది అబ్బయా. నువ్వేం సరిచేయబాక. ఆ మొదటి చీటీ ఎట్టొచ్చిందో అట్టనే రానీ. బేరం తెగేదాకా ఆ ఏజెంటు ముందర పెట్టుకుంటా.”