మెట్ల కింద వెలసిన కంప్రెసర్ గారికి

మా పంటి క్లినిక్‌కు గాలి నొక్కి పంపే మహారాజశ్రీ కంప్రెసర్ గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, నిన్న మధ్యాహ్నం రెండున్నర నుంచి ఐదింటి దాకా జరిగింది చూశాక మనిద్దరిలో ఎవరూ కుశలంగా లేరని తేలిపోయింది.

శ్రావణ మాసం. ఎల్లుండి ముహూర్తం. ముందు పన్ను అంచు విరిగిన పెళ్లికూతురు కుర్చీలో ఉంది. పక్కన స్టూలు మీద మేనత్త గారు, ఆవిడ ఫోన్లో వియ్యపురాలు, వీడియో కాల్. పంటి రంగుకు సరిపోయే షేడు చూశాం, పంటిని గరుకు చేసే ఆసిడ్, అదే ఎచ్, పెట్టాం, కడిగాం. ఆరబెడదామని నీళ్లూ గాలీ కొట్టే త్రీవే సిరంజి గాలి బటన్ నొక్కితే తమరు ప్రసాదించింది ఏమిటండీ? తుంపర. మళ్లీ ఎచ్, మళ్లీ కడుగుడు, మళ్లీ తుంపర. మూడోసారి వియ్యపురాలే అడిగింది, “అక్కడ వానా అండి?” అని. చివరికి కాలేజీ రోజుల్లో కొన్న రబ్బరు బుడ్డి, అదే చిప్ బ్లోయరు, డ్రాయర్ అడుగున దొరికితే దాంతో ఊది పని ముగించాం. ఒక హార్స్‌పవర్ చేయలేని పని అరచేతిలో పట్టే బుడ్డి చేసింది. తమరికి ఇది తెలియాలనే ఈ లేఖ.

తమరి స్థాయి మాకు తెలియక కాదు. పేషెంటుకి కనిపించేది కుర్చీ. “డాట్రుగోరు కొత్త కుర్చీ ఏయించేరంట” అని ఊరంతా చెప్పుకుంటుంది, మెట్ల కింద మీరున్నారని ఎవరూ చెప్పుకోరు. కానీ పన్ను తొలిచే ఎయిరోటర్ నిమిషానికి మూడు లక్షల చుట్లు పైగా తిరిగేది మీ గాలితోనే. సిరంజి మీదే. మా కుర్చీలో ఉమ్ము లాగే సక్షన్ కూడా మీ గాలి మీదే బతుకుతోంది. మీరు అలిగితే కుర్చీ ఉత్త పడకకుర్చీ.

అలాంటి తమరు మాకు గాలి పంపాలి. నీళ్లు కాదు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసి గోదారి నీళ్లు కాలవల్లోకి మళ్లించాడు. ఎయిర్‌లైన్లోకి కూడా మళ్లించమని ఎక్కడా చెప్పి వెళ్లలేదు.

మన డెల్టా గాలే అంత అంటారు మీరు. ఒప్పుకుంటాను. కాలవ, కాలవ పక్కన వరిచేను, చేను పక్కన రొయ్యల చెరువు, మధ్యలో మన క్లినిక్. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీరు ఆవిరి రూపంలో ఉంటుంది. మీరు గేజి మీద 7 బార్ దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి పైన ఇంకో ఏడు రెట్లు, నొక్కుతారు. అంటే ఎనిమిది ఘనపు మీటర్ల గాలి ఒక్కదాంట్లోకి, సంక్రాంతికి రాజోలు వచ్చే ఆఖరి బస్సులా. ఎనిమిది ఇరవైనాలుగులు 192 గ్రాములు. గాలిని ఎంత నొక్కినా సరే, 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరులో ఆవిరిగా నిలవగలిగేది 30 గ్రాములే. మిగిలిన 162 గ్రాములూ నీళ్లయి దిగాల్సిందే. రోజు మొత్తం మీద రెండు గంటలు ఎయిరోటర్ నొక్కితే చాలు, టీ గ్లాసుడు నీళ్లు.

ఆ గ్లాసుడూ ట్యాంకులోనే దిగితే పేచీ లేదు. మీరున్న మెట్ల కింద గదిలో చీపుర్లు, ఫినాయిలు డబ్బా, పాత బోర్డు. కిటికీ లేదు, ఎగ్జాస్ట్ ఫ్యాను లేదు. మీ వేడి మీకే. వేడి ట్యాంకులో ఆవిరి అంతా నీరుగా దిగదు. దిగనిది ఆవిరిగానే పైపెక్కుతుంది, 24 డిగ్రీలకు పెట్టిన ఏసీ గదిలోకి రాగానే హాయిగా చల్లబడి, సరిగ్గా పేషెంటు నోటి దగ్గర నీరవుతుంది. కుర్చీ జంక్షన్ బాక్సులో చిన్న గాజు గిన్నెలాంటి ఫిల్టరు ఉంది కదా అంటారా? అది చుక్కల్ని పడుతుంది. ఆవిరిని పట్టలేదు. తనను దాటిపోయాక చుక్కగా మారే దాన్ని అదేం చేస్తుంది, పాపం.

ఇక తమరు, మీరు అనడం నా వల్ల కాదు.

నీ తుంపర వల్ల ఏం జరుగుతుందో నీకు తెలుసా? 37 శాతం ఫాస్ఫారిక్ ఆసిడ్ పదిహేను సెకన్లు ఉంచి, కడిగి, ఆరబెడితే ఎనామిల్, అదే పంటి పైపొర, సున్నం కొట్టిన గోడలా తెల్లగా, మెరుపు లేకుండా కనబడాలి. ఆ తెలుపు మీద బాండ్, అంటే ఫిల్లింగును పంటికి అతికించే జిగురు. దాన్ని గాలితో పల్చగా పరిచి, అందులోని సాల్వెంట్, అదే దాన్ని పల్చన చేసే ద్రవం, ఎగిరిపోయాక గట్టిపరిచే లైటు. నువ్వు మొదటి చోట ఉమ్మితే కంటికి కనబడుతుంది, మళ్లీ మొదలుపెడతాం. నిన్నటిలాగా. రెండో చోట, బాండ్ మీద ఉమ్మావనుకో, అది కనబడి చావదు. తడి మెరుపుకీ బాండ్ మెరుపుకీ తేడా తెలియదు. చుక్క పడ్డ చోట బాండ్ పంటిని పట్టుకోదు. ఆ రోజు ఫిల్లింగ్ అద్దంలా ఉంటుంది. కొన్ని నెలలకు ఆత్రేయపురం మామిడి తాండ్ర నమిలిన పూట ఊడుతుంది. ఊడకపోతే అంచు చుట్టూ గోధుమ రంగు గీత కడుతుంది, చల్లనీళ్లకు జివ్వుమంటుంది. అప్పుడు కాగితంలో పొట్లం కట్టి తెస్తారు: “డాట్రుగోరండీ, మొన్న మీరెట్టిన సిమెంటు ఊడొచ్చేసిందండి.” నువ్వు పెట్టిన నీళ్లు అని నేను చెప్పగలనా? ఉచితంగా మళ్లీ పెడతాను. ముప్పావు గంట కుర్చీ, మెటీరియలు, పరువు, మూడూ నా ఖాతాలోనే.

దీనికి మేము ఏం చేశామో కూడా రాయాలి. బాండ్ మార్చాం. ఏడో తరం వదిలి ఎనిమిదో తరం కొన్నాం. లైటు బలం తగ్గిందేమోనని కొత్త లైటు తెచ్చాం. తొమ్మిదో తరం దొరికితే అదీ కొనేవాళ్లం. మౌత్ మిర్రర్ మీద పది సెకన్లు గాలి కొట్టి చూస్తే చాలు. అద్దం పొడిగా ఉంటే నువ్వు మంచివాడివి, మసకబారి చుక్కలు దేరితే దొంగవి. ఖర్చు సున్నా. అది మాత్రం నిన్నటిదాకా ఎవరికీ తట్టలేదు.

ఎయిరోటర్ల సంగతి సరే సరి. తడి గాలికి బేరింగులు తుప్పు పట్టి, ఈల కాస్తా గరగర అయ్యి, దాని కొసన తిరిగే బర్ వణకడం మొదలైతే, పరికరాల్ని ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో పెట్టే ముందు నూనె కొట్టలేదని అసిస్టెంటు అమ్మాయిని తిట్టాం. ఆ అమ్మాయి రోజూ కొడుతూనే ఉంది.

నిన్ను కొన్నప్పుడు కొటేషన్లో రెండు గీతలున్నాయి: డ్రైయర్‌తో, డ్రైయర్ లేకుండా. గుళికల డ్రైయరు. నీలం గుళికలు తేమ పీల్చి గులాబీ రంగుకు తిరిగితే మార్చుకోవడమే పని. మేము రెండో గీత మీద టిక్కు పెట్టి, మిగిలిన డబ్బుతో రోడ్డు వైపు గ్లో సైన్ బోర్డు పెట్టించాం. బోర్డు బ్రహ్మాండంగా వెలుగుతోంది. తర్వాత రెండో కుర్చీ వేశాం, రెండో కంప్రెసర్ వేయలేదు. గంటలో సగం సేపు తిరిగి, సగం సేపు చల్లబడాల్సిన నిన్ను ఏకబిగిన తిప్పుతున్నాం. రెండు ఎయిరోటర్లూ ఒకేసారి నొక్కితే ప్రెషర్ పడిపోతుంది, బర్ ఆగుతుంది, డాక్టరు ఇంకాస్త అదుముతాడు, పన్ను కాలుతుంది. పైగా నువ్వు గాలి పీల్చుకునే ఇన్‌టేక్ ఫిల్టరు బాత్రూం తలుపు వైపు ఉంది. దాని గురించి ఇంతకంటే రాయను.

ఏఎంసీ, అదే ఏడాది మరమ్మతు ఒప్పందం, టెక్నీషియన్ గారు “ఆయ్, రేపొద్దున్నకల్లా మీ ముందుంటానండి” అని మంగళవారం అన్నారు. ఇవాళ ఆదివారం. ఆటోక్లేవ్ కూడా ఆయన కోసమే ఎదురుచూస్తోంది. ఎవరో దాంట్లో డిస్టిల్డ్ వాటర్ బదులు బోరునీళ్లు పోశారు, కాయిల్ చుట్టూ పొలుసులు కట్టింది.

అసలు కోపం ఇప్పుడు చెబుతాను. నీ కడుపు కింద ఒక చిన్న ఇత్తడి కాక్, అదే నీళ్లు వదిలే కుళాయి, ఉంది. పని అయ్యాక స్విచ్ ఆపి, గాలి రెండు బార్‌కి దిగేదాకా వదిలి, కింద బకెట్ పెట్టి, కాక్ మెల్లగా తిప్పితే మిగిలిన గాలే నీళ్లను బయటికి నెట్టేస్తుంది. రెండు నిమిషాలు. పొద్దున్నే మూయడం మరిచిపోతే నువ్వు ఎంత తిరిగినా ప్రెషర్ ఎక్కదు, అంతే, వేరే ప్రమాదం లేదు. నిన్న రాత్రి వంగి చూస్తే ఆ కాక్ మీద సాలెగూడు. తిప్పితే తిరగలేదు. కటింగ్ ప్లేయర్‌తో పట్టి తిప్పితే బుస్సుమని వచ్చాయి నీళ్లు. వరద గోదారి రంగు. తుప్పు పొరలు తేలుతూ, సగం బకెట్ పైనే. యాభై లీటర్ల ట్యాంకులో అన్ని నీళ్లుంటే గాలికి చోటేది? చోటు తగ్గితే గాలి త్వరగా అయిపోతుంది, నువ్వు మాటిమాటికీ లేస్తావు, వేడెక్కుతావు, వేడెక్కితే ఆవిరి మళ్లీ పైపెక్కుతుంది. నెలల తరబడి ఎవరూ ఆ కాక్ ముట్టుకోలేదు. ఎవరూ అంటే ఎవరో కాదు.

నువ్వు నోరు తెరిచి చెప్పొచ్చుగా! పెద్ద గొంతు, వీధి చివరి కిళ్లీ కొట్టు దాకా వినబడుతుంది. ఆ గొంతుతో ఈ ఒక్క మాటా చెప్పలేదు.

అయినా నిన్ను మార్చను. టైర్ల షాపులో వాడే కంప్రెసర్ చవకలో వస్తుందని చెప్పినవాళ్లున్నారు. అది నీళ్లతో పాటు నూనె కూడా ఉమ్ముతుంది. నూనె పడ్డ పంటి మీద ఏ తరం బాండూ నిలవదు. నువ్వు నూనె లేని జాతి. సాయంత్రం వోల్టేజి 180కి పడిపోయినా మూలుగుతూ లేవడానికి చూస్తావు. అలా లేస్తే కెపాసిటర్ పోతుందని తెలిసి కూడా. నీకు ఎగ్జాస్ట్ ఫ్యాను చెప్పాను. ఇన్‌టేక్ పైపు బయటి గోడకు మారుతుంది. డ్రైయరుకు అడ్వాన్సు కట్టాను. కాక్ దగ్గర గోడకు క్యాలెండర్ తగిలించాను, తిప్పిన రోజున సంతకం.

ఇట్లు,
నీ గాలి మీద బతికే
దంతవైద్యుడు

తా.క.: ఇది రాస్తుండగానే నువ్వు మళ్లీ లేచావు. కుర్చీల్లో ఎవరూ లేరు. ఎయిరోటర్లు స్టాండు మీదే ఉన్నాయి. పది నిమిషాల్లో ఇది రెండోసారి. ఎక్కడో గాలి లీకవుతోంది. ఉండు, మగ్గులో సబ్బు నురగ కలుపుకుని వస్తున్నాను.