అప్‌స్కేలింగ్‌ను కనీస అర్హతగా మార్చడం అన్యాయం

వీడియో గేముల సంస్థ కాప్‌కామ్ 2025 ఫిబ్రవరిలో 'మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్' ఆటను విడుదల చేసినప్పుడు, పీసీలకు సిఫారసు చేసిన ప్రమాణాల్లోనే ఒక షరతు రాసింది. 1080పి (నిలువునా 1080 చుక్కలున్న) రిజల్యూషన్‌లో సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 చిత్రాలు రావాలంటే ఫ్రేమ్ జనరేషన్ ఆన్‌లో ఉండాలి. అంటే ఆ అరవైలో దాదాపు సగం ఫ్రేములు గేమ్ స్వయంగా గీసినవి కావు, రెండు అసలు ఫ్రేముల మధ్య ఎలా ఉండవచ్చో అంచనా వేసి చేర్చినవి. పరికరాన్ని బట్టి, సన్నివేశాన్ని బట్టి చిత్రాన్ని మలచుకునే విద్య ఐదు దశాబ్దాలుగా పెరుగుతూ వచ్చి, చివరికి ఆ మలచుకునే భారాన్ని ఆటగాడి జేబు మీదకు నెట్టే స్థితికి చేరడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు దక్కే గడువు 16.6 మిల్లీసెకన్లు. ఖాళీ గదిలో నిలబడిన పాత్రకు ఆ గడువు సరిపోతుంది కానీ, అదే పాత్ర తలుపు తీసుకుని వానలోకి, పొగలోకి, వందల నీడల మధ్యకు వెళితే సరిపోదు. అందుకే దూరంగా ఉన్న వస్తువుకు తక్కువ వివరాలున్న నమూనా వాడే పద్ధతిని జేమ్స్ క్లార్క్ 1976లోనే తన పరిశోధనా పత్రంలో చర్చించాడు. 2008లో ప్లేస్టేషన్ 3 కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రం) మీద వచ్చిన 'వైపౌట్ హెచ్‌డీ' అనే ఆట, సన్నివేశం బరువెక్కినప్పుడు అడ్డంగా ఉండే పిక్సెళ్లను తగ్గించుకుని 60 ఫ్రేములను నిలబెట్టుకుంది. 2016 నాటి 'డూమ్' కూడా కన్సోళ్ల మీద రిజల్యూషన్‌ను ఇలాగే ఎప్పటికప్పుడు మార్చుకుంది. వేగమే ప్రాణమైన ఆటల్లో ఏది వదులుకోవచ్చో, ఏది వదులుకోకూడదో తయారీదారులు ముందే తేల్చుకున్నారు కాబట్టే ఇది సాధ్యమైంది.

గ్రాఫిక్స్ చిప్‌ల సంస్థలైన ఎన్విడియా 2018లో తెచ్చిన డీఎల్ఎస్ఎస్, ఏఎండీ 2021లో తెచ్చిన ఎఫ్ఎస్ఆర్ చేసే పని తక్కువ పిక్సెళ్లతో గీసిన బొమ్మను పెద్ద తెరకు సరిపడేలా పెంచడం, అదే అప్‌స్కేలింగ్. వీటి ప్రతిభను నేను తక్కువ చేయను. అయితే ఇందులోని లెక్కను చాలామంది పట్టించుకోరు. 4కె తెర మీద 'పెర్ఫార్మెన్స్' స్థాయి ఎంచుకుంటే లోపల బొమ్మ 1080పిలో, అంటే సుమారు 20 లక్షల పిక్సెళ్లతో తయారవుతుంది. పెంచడానికి అది దండిగా ఉన్న ముడిసరుకు. అదే స్థాయిని 1080పి తెర మీద ఎంచుకుంటే మొదలయ్యేది 540పి నుంచి, సుమారు 5 లక్షల పిక్సెళ్లతో. ఆకులు, తీగలు, జుట్టు కొసలు మసకబారి మిణుకుమనేది అక్కడే. పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ నెలనెలా ప్రకటించే హార్డ్‌వేర్ సర్వేలో అత్యధికుల తెర ఇప్పటికీ 1080పీయే. ఖరీదైన తెర ఉన్నవాడికి పుష్కలంగా అందే సాయం సామాన్యుడి దగ్గరకు వచ్చేసరికి ఇలా పలచబడిపోతోంది.

ఫ్రేమ్ జనరేషన్ విషయంలో ఈ తేడా ఇంకా కఠినంగా ఉంటుంది. ఆటగాడు నొక్కిన బటన్‌కు అసలు ఫ్రేము మాత్రమే స్పందిస్తుంది, చేర్చిన ఫ్రేముకు ఆ సంగతి తెలియదు. పైగా మధ్య ఫ్రేమును అంచనా కట్టాలంటే తరువాతి అసలు ఫ్రేము తయారయ్యేదాకా ఆగాలి కాబట్టి స్పందన మరికొంత ఆలస్యమవుతుంది. 60 నుంచి 120కి పెంచినప్పుడు ఆ ఆలస్యం అంతగా తెలియదు. 30 నుంచి 60కి పెంచితే కళ్లకు నునుపుగా కనిపిస్తూనే చేతికి బరువుగా తగులుతుంది. ఈ సాంకేతికతను వాడేముందు కనీసం 60 ఫ్రేములు ఉండాలని ఏఎండీయే సలహా ఇచ్చింది. అలాంటప్పుడు 60కి చేరడానికే దాన్ని సిఫారసు చేయడాన్ని ఎలా సమర్థించగలం?

వేల రకాల పీసీలన్నిటి మీద పరీక్షించడం అసాధ్యమని, కాంతిని ప్రతి క్షణం నిజంగా లెక్కకట్టే (దీన్నే రే ట్రేసింగ్ అంటారు) కొత్త తరం ఆటలకు ఈ సాయం తప్పదని తయారీదారులు అంటారు. ఇందులో కొంత నిజముంది. కానీ రే ట్రేసింగ్ లేకుండా నడవని 2024 నాటి 'ఇండియానా జోన్స్' ఆట, తన తరంలో బలహీనమైన కన్సోల్ అయిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ మీద సెకనుకు 60 ఫ్రేములతో నడుస్తోంది. లక్ష్యాన్ని ముందే పెట్టుకుంటే ఏం సాధ్యమో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఆ లక్ష్యం తప్పితే ఏమవుతుందో 2020 డిసెంబరులో 'సైబర్‌పంక్ 2077' చూపించింది. పాత కన్సోళ్ల మీద దాని దుస్థితి చూసి సోనీ తన దుకాణం నుంచే ఆ ఆటను తొలగించింది.

మన దగ్గర లక్షల మంది యువతకు ఆట అంటే ఫోనే. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే కాల్పుల ఆట ఆడే కుర్రాళ్లు సెట్టింగుల్లో గ్రాఫిక్స్‌ను 'స్మూత్'కు తగ్గించి, ఫ్రేమ్ రేటును ఫోను అనుమతించినంత పెంచుకుంటారు. గురి తప్పకుండా ఉండటానికి నీడల కంటే ఫ్రేములే ముఖ్యమని వాళ్లు అనుభవంతో తెలుసుకున్నారు. మే నెలలో ఏ రామగుండంలోనో, నంద్యాలలోనో ఫోను వేడెక్కి చిప్ తనంతట తాను వేగం తగ్గించుకున్నప్పుడు ఆ సర్దుబాటు కూడా చాలడం లేదు. వేడి పరిమితికి ఎంత చేరువయ్యామో ఆటకు ముందుగానే తెలిపే సదుపాయం ఆండ్రాయిడ్ 11 నుంచీ ఉంది. ఆ కబురు అందగానే నీడలను, దూరపు చెట్లను క్రమంగా తగ్గించుకుంటే మ్యాచ్ మధ్యలో ఫ్రేములు ఒక్కసారిగా కుప్పకూలవు. ఎండను దృష్టిలో పెట్టుకుని ఆటను తయారుచేయడం ఈ దేశంలో అమ్ముకునే ప్రతి సంస్థకూ ప్రాథమిక బాధ్యత కావాలి.

గ్రాఫిక్స్ కార్డు మార్చమని, ఫోను మార్చమని చెప్పడం కంపెనీలకు సులువే. ఇంకా పనిచేస్తున్న యంత్రాన్ని ఒక్క ఆట కోసం పక్కన పడేయడం మధ్యతరగతి ఇంటికి చిన్న ఖర్చు కాదు. కాబట్టి అమ్మకపు పేజీలో రెండు అంకెలు తప్పనిసరి చేయాలి. పెంచక ముందు అసలు రిజల్యూషన్ ఎంత, చేర్చినవి తీసేస్తే అసలు ఫ్రేములు ఎన్ని అన్నవి స్టీమ్, ప్లేస్టోర్ అడిగితే ఏ తయారీదారూ కాదనలేడు. డబ్బు చెల్లించే ముందే ఆ అంకెలు ఆటగాడి కళ్ల ముందు ఉండాలి.