ఎమ్మెల్యే గారి గ్రూపులో ఇక మనం నోరు విప్పకూడదట

అరగంట క్రితం బెంగళూరులో మా నియోజకవర్గం ఎమ్మెల్యే వాట్సాప్ గ్రూపుకి తాళం పడింది. "అడ్మిన్లు మాత్రమే మెసేజ్‌లు పంపగలరు" అని కింద ఒక లైను. ఎందుకో చెప్పలేదు. నేను పెట్టిన ఫొటో కింద మా వీధి వాళ్లు ఒకరి తర్వాత ఒకరు "మా దగ్గర కూడా ఇదే" అని రాయడం మొదలుపెట్టగానే ఇది జరిగింది. తాళం పడ్డాక వచ్చిన మొదటి మెసేజ్ ఏంటో తెలుసా? ఎవరో నాయకుడి పుట్టినరోజు బ్యానర్! మధ్యలో ఆయన నిలువెత్తు బొమ్మ, చుట్టూ అనుచరుల పాస్‌పోర్టు ఫొటోలు. దానికి దండం పెట్టడానికి కూడా మనకు వీల్లేదు, ఎందుకంటే మనం అడ్మిన్లం కాదు.

ఇంతకీ నేను పెట్టిన ఫొటోలో ఏముంది? మా వీధి మలుపులో మురుగు కాలువ మీద బండ ఒకటి విరిగి లోపలికి పడిపోయింది. ఎవరో పుణ్యాత్ములు అందులో ఒక కొబ్బరిమట్ట నిలబెట్టి, చీకట్లో కనపడాలని కొసకి ఎర్ర ప్లాస్టిక్ కవరు కట్టారు. వాన పడితే నీళ్లు పైకి వచ్చేసి రోడ్డేదో కాలువేదో తెలియదు, ఆ మట్ట కూడా పక్కకి ఒరిగిపోతుంది. పొద్దున స్కూల్ వ్యాన్ ఆగేది సరిగ్గా అక్కడే. మొన్న వానలో మా వీధికి పూలమ్మడానికి వచ్చే అక్క కాలు అందులోకి జారి మోకాలి దాకా దిగిపోయింది. ఇద్దరు పట్టుకుని లాగితే బయటపడింది. మూరలు కట్టి తెచ్చుకున్న మల్లెపూలన్నీ మురుగులో కలిసిపోయాయి. ఆమె ఏడ్చింది దెబ్బ తగిలినందుకు కాదు, ఆ రోజు పెట్టుబడి పోయినందుకు.

ఇదంతా నేను కన్నడంలోనే రాశాను. పక్కింటి టీచరమ్మకు చూపించి, తప్పులు దిద్దించుకుని మరీ పెట్టాను. "ఈ ఊళ్లో ఉంటూ ఈ భాష రాదా" అని ఎవరూ అనకూడదని. మర్యాదగా "దయచేసి" అని మొదలుపెట్టాను. ఒక్క తిట్టు లేదు, పార్టీ మాట లేదు.

ఆ ఫొటో చూసి ఎమ్మెల్యే ఆఫీసు నుంచి ఒకతను ఫోన్ చేశాడు. పేరు చెప్పగానే నేను తెలుగని తెలిసింది కాబోలు, తెలుగులోనే మాట్లాడాడు. బండ గురించి అడుగుతాడనుకున్నాను. "మేడమ్, మీ ఓటు ఇక్కడుందా, ఆంధ్రాలో ఉందా?" అని అడిగాడు. అదీ మొదటి ప్రశ్న! కాలువ ఎక్కడ అని కాదు, ఎవరికైనా దెబ్బ తగిలిందా అని కాదు. ఆ పూలమ్మే అక్కను కూడా ఇలాగే అడుగుతారా? స్కూల్ పిల్లలను అడుగుతారా, వాళ్లకు అసలు ఓటే లేదు కదా?

కొందరు చదువుకున్నవాళ్లు నాకు పాఠం చెబుతారు, "ఎమ్మెల్యే పని చట్టాలు చేయడం, కాలువ బండలు చూడడం కార్పొరేటర్ పని" అని. ఒప్పుకుంటాను. మరి కార్పొరేటర్ ఎక్కడ? బెంగళూరు కార్పొరేషన్‌కు ఎన్నికలు 2015 ఆగస్టులో జరిగాయి. ఆ పాలకవర్గం గడువు 2020 సెప్టెంబర్‌లో ముగిసింది. ఆ తర్వాత ఐదేళ్లకు పైగా ఈ మహానగరం ఒక్క కార్పొరేటర్ కూడా లేకుండా నడిచింది. వార్డులు 198 అన్నారు, 243 అన్నారు, మళ్లీ 225 అన్నారు, ఎన్నిక మాత్రం పెట్టలేదు. కింద ఎవరూ లేనప్పుడు జనం పైవాళ్లనే అడుగుతారు. ఇంకెవరిని అడగమంటారు?

సరే, చట్టాల సంగతే మాట్లాడుకుందాం. 2025 మార్చిలో గ్రేటర్ బెంగళూరు బిల్లు శాసనసభలో పాసైంది. దాని ప్రకారం నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడదీశారు. నేను పన్ను ఎవరికి కట్టాలి, చెత్త ఎవరు తీయాలి, నా వార్డు ఏది అన్నీ ఆ చట్టంతో మారిపోయాయి. ఆ బిల్లు సభలోకి వెళ్లే ముందు మా గ్రూపులో "మీరేమంటారు" అని ఒక్క మెసేజ్ వచ్చిందా? రాలేదు. ఆ రోజుల్లో వచ్చినవన్నీ శంకుస్థాపనల ఫొటోలే. చట్టం చేసేటప్పుడు అడగరు, బండ విరిగితే వినరు. మరి ఈ గ్రూపు ఎందుకు పెట్టినట్టు?

నాకు ఒళ్లు మండేది ఇంకో విషయం. ఇదే కర్ణాటకలో 2011లో సకాల చట్టం తెచ్చారు. మంచి చట్టం, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. జనన ధ్రువపత్రం లాంటి సేవ గడువులోగా ఇవ్వకపోతే అర్జీదారుకి రోజుకు 20 రూపాయల చొప్పున, 500 దాకా పరిహారం ఇవ్వాలి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి అడిగితే అధికారి 30 రోజుల్లో జవాబివ్వాలి, లేకపోతే రోజుకు 250 రూపాయల జరిమానా. అంటే కౌంటర్ దగ్గర కూర్చున్న గుమాస్తా నాకు జవాబుదారీ. అతని పైన కూర్చున్న అధికారీ జవాబుదారీయే. నేను ఓటు వేసి పంపిన మనిషి మాత్రం నా మెసేజ్ చూసి కూడా ఊరుకోవచ్చు! ఏ గడువూ లేదు, ఏ జరిమానా లేదు, అర్జీకి ఒక నంబరు కూడా ఉండదు. ఆ సకాల చట్టం చేసిన సభలో కూర్చునేవాళ్లకి తమ ఆఫీసుకి కూడా అలాంటిదే ఒకటి ఉండాలని ఎందుకు తోచలేదు?

"లక్షల మంది ఓటర్లకు ఒక్క మనిషి ఎలా జవాబిస్తాడు" అని నన్ను అడగకండి. బ్యానర్లు తయారుచేసే కుర్రాడున్నాడు. రీల్స్ తీసే కుర్రాడున్నాడు. డ్రోన్ ఎగరేసేవాడు ఒకడున్నాడు. జవాబు రాసే మనిషి ఒక్కడు దొరకడా? బ్రిటన్ పార్లమెంటు వెబ్‌సైట్లో పిటిషన్‌కి 10,000 సంతకాలు వస్తే ప్రభుత్వం జవాబిస్తుంది, లక్ష దాటితే సభలో చర్చకు పరిశీలిస్తారు. ఆ లెక్క అందరికీ కనపడేలా అక్కడే ఉంటుంది. అది ఇక్కడివాళ్లకు చేతకాని పనా? ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాసిచ్చే ఊరు ఇది! టెక్నాలజీ లేక ఆగిపోయిన పని కాదు ఇది.

జనం రాయరు, పట్టించుకోరు అనే మాట కూడా ఒప్పుకోను. 2015లో నెట్ న్యూట్రాలిటీ, అంటే ఇంటర్నెట్లో అన్ని సైట్లనూ ఒకేలా చూడాలనే పద్ధతి మీద టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ అభిప్రాయాలు అడిగితే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. వెబ్‌సైటుకో రేటు పెట్టి డేటా అమ్మకూడదని 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ తేల్చింది. 2020లో కేంద్రం, గనులకూ ఫ్యాక్టరీలకూ అనుమతి ఇచ్చేముందు పర్యావరణానికి జరిగే నష్టం ఎలా లెక్కగట్టాలో చెప్పే నిబంధనల ముసాయిదా పెట్టి అభిప్రాయాలు చెప్పమంది. ఏ భాషలో పెట్టారు? ఇంగ్లీషు, హిందీ. గనుల పక్కన, ఫ్యాక్టరీల పక్కన బతికే తెలుగు రైతు, కన్నడ రైతు దాన్ని ఎలా చదవాలి? రాజ్యాంగం గుర్తించిన ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నింటిలోకి తర్జుమా చేయమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది.

మళ్లీ ఆ ఓటు ప్రశ్న దగ్గరికే వస్తున్నాను, అది గొంతులో ముల్లులా అలాగే ఉంది. నా ఓటు ఇక్కడే ఉంది. ఆంధ్రాలో మా ఊళ్లో పేరు తీయించుకుని, ఇక్కడ ఫారం నింపి, బూత్ లెవెల్ ఆఫీసర్ ఇంటికి వచ్చి చూసుకుని వెళ్లాక నా పేరు జాబితాలోకి ఎక్కింది. 2023 మే 10న అసెంబ్లీ ఎన్నికలో క్యూలో నిలబడి వేశాను. 2024 ఏప్రిల్ 26న లోక్‌సభ ఎన్నికలో మండే ఎండలో మళ్లీ వేశాను. అయినా నా పేరు వినగానే "ఆంధ్రాలోనా" అని అడుగుతారు. తాతల కాలం నుంచి ఈ ఊళ్లోనే ఉన్న తెలుగు కుటుంబాలకు కూడా ఇదే ప్రశ్న!

అక్కడ ఓటు ఉంటే మాత్రం ఏం ఒరిగింది? మా తమ్ముడి ఓటు ఆంధ్రాలో మా ఊళ్లోనే ఉంది. వాడూ బెంగళూరులోనే ఉద్యోగం చేస్తున్నాడు. 2024 మే 13 ఎన్నికకు ముందు వాడికి ఫోన్ల మీద ఫోన్లు. "తమ్ముడూ ఎప్పుడు బయల్దేరుతున్నావు, టికెట్ డబ్బులు మేమిస్తాం, ఇంట్లో ఇంకెన్ని ఓట్లున్నాయి?" అని. వాడు డబ్బులు తీసుకోలేదు. సొంత ఖర్చుతో, బస్సులో సీటు దొరక్క డ్రైవర్ పక్కన ఇంజిన్ మీద కూర్చుని వెళ్లి ఓటు వేసి వచ్చాడు. తర్వాత మా నాన్న పాసు పుస్తకంలో తప్పు పడిందని అక్కడి నాయకుడి ఆఫీసుకి అదే నంబర్లో మెసేజ్ పెడితే, చూసినట్టు నీలం టిక్కులు, అంతే. గట్టిగా అడిగితే వచ్చిన మాట: "నువ్వు బెంగళూరులో ఉంటావు కదా, ఇక్కడి సంగతులు నీకెందుకు?"

ఓటు కావాల్సినప్పుడు మన నంబర్ వాళ్లకు ఎక్కడి నుంచి వస్తుంది? పేరు పెట్టి పిలిచే రికార్డింగు కాల్స్ రోజుకు ఎన్ని వస్తాయి? బూత్ నంబరు, వరుస నంబరు రాసిన స్లిప్పు మెసేజ్‌లో వస్తుంది. మన ఇంట్లో ఎవరికి పద్దెనిమిదేళ్లు నిండాయో కూడా వాళ్లకు తెలుసు. ఇంత లెక్క ఉన్నవాళ్లకు, ఆ జాబితాలో నా పేరుందో లేదో చూసుకోవడానికి ఎంతసేపు? చూసుకోకుండా నన్నెందుకు అడిగినట్టు?

నేను అడిగేది పెద్దది కాదు. ప్రతి ఎమ్మెల్యే ఆఫీసులో వచ్చిన ప్రతి అర్జీకి ఒక నంబరు ఉండాలి. 30 రోజుల్లో జవాబు రావాలి. "కుదరదు" అన్నా సరే, ఎందుకు కుదరదో రాయాలి. అది అందరికీ కనపడాలి. సభలో ఏ బిల్లుకు చేయెత్తారో, ఎందుకెత్తారో అదే చోట చెప్పాలి. బెంగళూరులో 28 మంది ఎమ్మెల్యేలున్నారు. చట్టం వచ్చేదాకా ఆగకుండా ఒక్కరు మొదలుపెట్టినా నేను ఇదే పేజీలో పార్టీ చూడకుండా పొగుడుతూ రాస్తాను.

శనివారం పొద్దున పదింటికి ఆ ఆఫీసుకే వెళ్తున్నాను. ఫొటో ప్రింటు తీసి, కాగితం మీద కన్నడంలో రాసి, రెండు కాపీలు తీసుకెళ్లి, ఒక దాని మీద సీలు వేయించుకుని గానీ కదలను. పూలమ్మే అక్క కూడా వస్తానంది. మా వీధి వాళ్లు వచ్చేవాళ్లుంటే కింద రాయండి. ఆధార్ ఒక్కటే సరిపోదు, ఓటరు కార్డు కూడా వెంట తెచ్చుకోండి.