సర్పి లేస్తే ముందు రోజులు లెక్కపెట్టండి

ఒంటికి ఒక పక్క నీటి పొక్కులు లేచే సర్పికి (డాక్టర్లు షింగిల్స్ అంటారు) "ఏం రాస్తే మంట తగ్గుతుంది?" అని ఎవరైనా అడిగితే నాకు కోపం, బాధ రెండూ వస్తాయి. ముందు అడగాల్సింది అది కాదు. "పొక్కులు లేచి ఎన్నో రోజు?" అని అడగాలి.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర పల్లె. పోయిన ఏడాది జీడిపిక్కల కాలంలో అమ్మకి ఎడమ పక్క డొక్కలో రెండు రోజులు ఒకటే పోటు. పైకి ఏమీ కనపడలేదు, గ్యాస్ అనుకుంది. తర్వాత అక్కడ ఎర్రగా కందింది. పిక్కలు కాల్చి కొడుతున్న రోజులు కదా, రసం చింది కాలిందనుకుని కొబ్బరినూనె రాసుకుంది. మర్నాటికి నీటి పొక్కులు గుత్తులుగా లేచాయి. పక్కింటి పిన్ని చూసి సర్పి అంది. ఇక ఎర్రమన్ను పూత, వేపమండలతో మంత్రం, ఉప్పూ కారం లేని పత్యం. నాకు టెన్షన్ ఎందుకని చెప్పలేదు. తెలిసేసరికి ఐదో రోజు.

పిన్నిని గానీ, మంత్రం వేసినాయన్ని గానీ నేను తప్పు పట్టను. ఆయన రూపాయి తీసుకోలేదు. కానీ ఆ నమ్మకం ఎందుకు నిలబడిందో చెప్పాలి. సర్పి పాములా ఒంటిని చుట్టి తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందంటారు, కలవకుండా మంత్రం ఆపిందంటారు. నిజానికి సర్పి చిన్నప్పుడు అమ్మవారు (చికెన్‌పాక్స్) పోసినప్పుడు ఒంట్లో చేరిన వైరస్సే. వెన్ను దగ్గర నరాల మొదట్లో ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. వయసు మీదపడో, వేరే జబ్బుతోనో ఒంట్లో శక్తి తగ్గినప్పుడు ఒక నరం వెంబడి బయటికొస్తుంది. అందుకే మామూలుగా ఒక పక్కనే పట్టీలా లేచి, నడిమధ్య ఆగిపోతుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో పొక్కులు వాటంతటవే మానతాయి. ఎర్రమన్ను రాసినా మానతాయి, ఏమీ రాయకపోయినా మానతాయి. మానకుండా మిగిలిపోయేది నరం దెబ్బ.

పొక్కులు లేచిన 72 గంటల్లోపు ఎసైక్లోవిర్ లాంటి వైరస్ మందు మొదలుపెడితే తీవ్రత తగ్గుతుంది, త్వరగా మానుతుంది. ఆలస్యమైందని మానుకోవద్దు, కొత్త పొక్కులు వస్తుంటే అప్పుడూ ఇస్తారు. మా అమ్మకి ఐదో రోజున మొదలుపెట్టారు. పొక్కులు మూడు వారాల్లో మానాయి, మంట ఎనిమిది నెలలుంది. చీర కొంగు తగిలినా ఓర్చుకోలేకపోయేది. గుమ్మంలో కూర్చుని, ఎడమ పక్క బట్టని రెండు వేళ్లతో ఒంటికి దూరంగా ఎత్తి పట్టుకునేది. గంటలకొద్దీ అలాగే. ఫ్యాన్ గాలి తగిలినా ఉలిక్కిపడేది. మూడో రోజునే తీసుకెళ్లి ఉంటే ఇంత పడేది కాదేమోనన్న ఆలోచన నన్ను ఇంకా వదల్లేదు.

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానం వాళ్లకి ఇంకో మాట. డాక్టరు అడగకపోయినా మీ క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఎంతుందో చెప్పండి, పాత రిపోర్టు పట్టుకెళ్లండి. ఈ వైరస్ మందు కిడ్నీల గుండానే బయటికి పోవాలి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి మోతాదు తగ్గించకపోతే మగతగా, తికమకగా అయిపోతారు. నొప్పి అని ఊళ్లో ఇంజెక్షన్ పొడిపించుకోవద్దు. ఆ నొప్పి మందుల్లో చాలావాటితో కిడ్నీకి ఇంకా చెరుపు. మా అమ్మకి వేసేశారు. ఆ తర్వాత పరీక్ష చేయించి, రిపోర్టు వచ్చేదాకా మేం పడ్డ భయం చెప్పలేను.

ఇంటి వైద్యం వద్దనడం లేదు, మాత్ర పడ్డాక చేయండి. అమ్మకి అన్నిటికన్నా హాయినిచ్చింది తడిగుడ్డ. ఉతికిన మెత్తటి నూలుగుడ్డ చన్నీళ్లలో ముంచి, పిండి, పావుగంట వేసి తీసేవాళ్లం. రోజుకి నాలుగైదు సార్లు. ఐస్ మాత్రం నేరుగా పెట్టొద్దు. దురదకి క్యాలమైన్ లోషన్. ఓట్స్ మిక్సీలో మెత్తగా పట్టి, పల్చటి గుడ్డలో మూటకట్టి స్నానం నీళ్లలో నానబెడితే తెల్లగా జిగురు దిగుతుంది, ఆ నీళ్లు ఒంటికి చల్లగా ఉంటాయి. జాకెట్టు మాన్పించి నాన్న పాత చొక్కా వేశాం, వదులుగా. గోళ్లు కత్తిరించాం. పక్కు కట్టాక కాస్త వాజిలిన్. అంతే. సున్నం, పేస్టు, పసుపు, ఆకుల పసర్లు పచ్చి పొక్కుల మీద వద్దు, చీము పడుతుంది. షుగరు మాత్ర వేసుకునేవాళ్లని పత్యం పేరుతో పస్తు పెట్టొద్దు, కళ్లు తిరిగి పడిపోతారు.

పక్కు కట్టేదాకా గర్భిణుల్ని, నెలల పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఆ పొక్కుల నీరు తగిలితే, ముందెప్పుడూ అమ్మవారు పోయనివాళ్లకి పోస్తుంది. నుదుటి మీదో, కంటి దగ్గరో, ముక్కు కొస మీదో లేస్తే మాత్రం తెల్లారేదాకా కూడా ఆగొద్దు. చూపు పోవచ్చు.

50 దాటినవాళ్లకి టీకా ఉంది, మన దేశంలోకి 2023లో వచ్చింది. రెండు డోసులు. ఖరీదెక్కువే. అమ్మకి పూర్తిగా తగ్గాక డాక్టర్ని అడిగి వేయించాం, నాన్నకీ వేయించాం.

మొన్న ఊరి నుంచి పిన్ని ఫోన్ చేసింది. వాళ్ల ఆడపడుచుకి వీపు మీద లేచాయట. "ఎప్పుడు పిన్నీ?" అన్నాను. "నిన్న సాయంత్రమే అమ్మా, ఇప్పుడే ఆటో ఎక్కించాను, కాగితాలు కూడా ఇచ్చి పంపాను" అంది.